ఫతే మైదాన్, అమ్ముగూడ, బార్కస్: హైదరాబాద్ ఫుట్‌బాల్ యాత్ర

ఫుట్‌బాల్ ఇష్టంతో హైదరాబాద్ వచ్చేవాళ్ళు మామూలుగా గచ్చిబౌలి స్టేడియం ముందు ఫొటో దిగి వెళ్ళిపోతారు. నన్నడిగితే గచ్చిబౌలిని చివరికి పెట్టుకోండి. ఈ ఊరి ఫుట్‌బాల్ అంటే ముందు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో వరసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచిన జట్టు అది. స్వాతంత్ర్యం వచ్చాక 1950లో ఢిల్లీలో డ్యూరాండ్ కప్ మళ్ళీ మొదలైతే, ఫైనల్లో కలకత్తా జట్టు మోహన్ బగాన్‌ను ఓడించి దాన్ని తెచ్చుకుందీ వీళ్ళే. ఈ జట్టుకూ, భారత జట్టుకూ కోచ్‌గా ఉన్న సయ్యద్ అబ్దుల్ రహీం గురించి 2024లో హిందీ సినిమా వచ్చాక నలుగురికీ తెలిసింది. ఆయన చేతికింద ఆడినవాళ్ళ పేర్లు మాత్రం ఎవరి నోటా వినపడవు. వాళ్ళ కోసమే నేనూ మా బాబాయీ కాజీపేటలో రైలెక్కాం. బాబాయి రైల్వేలో చేసి రిటైరయ్యాడు, వయసులో ఉన్నప్పుడు గ్రౌండ్ వదిలేవాడు కాదు.

బస సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర చూసుకోవడం మంచిది. రైలు దిగి నడిచిపోయే దూరంలో లాడ్జీలు బోలెడు. మెట్రో పక్కనే, ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ళు అక్కడే, తెల్లారకముందే చాయ్ దొరుకుతుంది. మేమున్న లాడ్జిలో పక్కలు శుభ్రంగానే ఉన్నాయి కానీ వేడినీళ్ళు పొద్దున కాసేపే, రోడ్డు వైపు గదిలో హారన్ల మోతకు నిద్ర పట్టదు. లోపలి వైపు గది అడిగి తీసుకోండి. నాంపల్లిలో దిగితే ఫతే మైదాన్ దగ్గరవుతుంది, అమ్ముగూడ దూరమవుతుంది. గచ్చిబౌలి వైపు గదులు బాగుంటాయి, అద్దె మాత్రం సాఫ్ట్‌వేర్ వాళ్ళ లెక్కలో ఉంటుంది.

అమ్ముగూడకు మేడ్చల్ వైపు వెళ్ళే ఎంఎంటీఎస్‌లో వెళ్ళాం. టికెట్ చాలా తక్కువ, రైళ్ళు కూడా తక్కువే. టైం చూసుకోకుండా స్టేషన్‌కు పోతే ప్లాట్‌ఫాం మీద కాళ్ళు పీకుతాయి. మిలిటరీ ఏరియాకు ఆనుకున్న ఈ అమ్ముగూడలోనే 1936లో తులసీదాస్ బలరామ్ పుట్టాడు. 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్ ఆడాడు. రోమ్‌లో హంగరీ మీద 2-1తో ఓడిన మ్యాచ్‌లో మన ఒక్క గోల్ ఆయనది, పెరూ మీద కూడా కొట్టాడు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ బంగారు పతకం జట్టులోనూ ఉన్నాడు. ఊపిరితిత్తుల జబ్బు వల్ల 27 ఏళ్ళకే ఆట మానేయాల్సి వచ్చింది. ఆ తర్వాత బెంగాల్‌లోనే ఉత్తరపారాలో ఉండిపోయి 2023లో కలకత్తాలో కన్నుమూశాడు. కలకత్తా వాళ్ళు చునీ గోస్వామి, పీకే బెనర్జీల పక్కన ఆయన పేరు కలిపి ముగ్గురిగా చెప్పుకుంటారు. పుట్టిన ఊళ్ళో మేం ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళను అడిగితే క్రికెటర్ అనుకున్నారు.

"బలరామ్ ఆట చూసినోళ్ళు ఇప్పుడు ఎంతమంది మిగిలిన్రు రా? మనమే చెప్పాలె," అన్నాడు బాబాయి. చెప్పాడు కూడా. స్టేషన్ బయట చాయ్ తాగుతూ ఆ కుర్రాళ్ళకు రోమ్ గోల్ సంగతి పూసగుచ్చినట్టు వివరించాడు. వాళ్ళు ఫోన్లు పక్కన పెట్టి విన్నారు. అమ్ముగూడలో చూడ్డానికంటూ ఏమీ లేకపోయినా పొద్దున పూట ఒకసారి వెళ్ళిరావాల్సిందే.

ఫతే మైదాన్‌ను 1967 నుంచి లాల్ బహదూర్ స్టేడియం అంటున్నారు. అసెంబ్లీ మెట్రో స్టేషన్‌లో దిగి నడిచి వెళ్ళొచ్చు. లోపలికి పోనిస్తారా లేదా అన్నది ఆ రోజు అక్కడ ఏం జరుగుతోందన్న దాన్ని బట్టి ఉంటుంది. గేటు దగ్గర మర్యాదగా అడగండి, పొద్దున్నే వెళితే వాకింగ్ చేసేవాళ్ళతో పాటు చూసిరావచ్చు. ఇక్కడ నిలబడి నేను తలచుకున్నది ఇద్దరిని: డిఫెండర్ అజీజుద్దీన్, మధ్య వరసలో ఆడే హాఫ్‌బ్యాక్ నూర్ మహమ్మద్. ఇద్దరూ సిటీ పోలీస్ వాళ్ళే, ఇద్దరూ 1952 హెల్సింకి, 1956 మెల్‌బోర్న్ రెండు ఒలింపిక్స్‌కూ వెళ్ళారు. మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి మనం నాలుగో స్థానంలో నిలిచాం. ఆ మ్యాచ్ అనగానే అందరికీ నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ గుర్తొస్తుంది, రావాలి కూడా. అయితే గోల్ కొట్టినవాడికి బంతి అందించిన వరసనూ, వెనక కాపలా కాసినవాళ్ళనూ మరిచిపోతే రహీం ఆటను సగమే అర్థం చేసుకున్నట్టు. స్కూలు టీచరుగా పనిచేసిన ఆయన, బలం లేని కాలితోనే ఆడాలన్న షరతుతో కూడా టోర్నమెంట్లు పెట్టించేవాడు. పేరుకన్నా పాస్ ముఖ్యమని నేర్పినవాడి శిష్యులు కాబట్టే వీళ్ళ పేర్లు వెనకబడ్డాయని నా అభిప్రాయం. ఈ స్టేడియం గేట్లకు వీళ్ళ పేర్లు పెట్టాలి. అదేమంత ఖర్చయ్యే పని కాదు.

యూసుఫ్ ఖాన్ పేరు కూడా అక్కడే ఉండాలి. ఆంధ్రా పోలీస్ ఆటగాడు, రోమ్ ఒలింపియన్, జకార్తా బంగారు పతకం జట్టు సభ్యుడు, 1966లో అర్జున అవార్డు. ఎక్కడ ఆడమంటే అక్కడ ఆడేవాడు. అలాంటివాళ్ళకు ఒక స్థానమంటూ ఉండదు కాబట్టి పుస్తకాల్లో ఒక పేజీ కూడా దక్కదు.

మధ్యాహ్నం అబిడ్స్‌లో బిర్యానీ తిని, ఎండ తగ్గాక బార్కస్ వెళ్ళాం. చాంద్రాయణగుట్ట దాటాక వస్తుంది. ఆటోవాళ్ళు మొదట రామన్నారు, తర్వాత రెండింతలు అడిగారు. బస్సులో పోవడమే నయం, టైం ఎక్కువ పట్టినా గొడవ ఉండదు. నిజాం కాలంలో యెమెన్ నుంచి వచ్చిన అరబ్ సైనికుల వారసుల బస్తీ ఇది. ఇక్కడ ఫుట్‌బాల్ ఇంటి మాట. యాత్ర మొత్తంలో మాకు బాగా నచ్చిన చోటు ఇదే. సాయంత్రం పిల్లలు ఆడుతుంటే పక్కన కూర్చున్న పెద్దాయన ఒకరు, "కాజీపేట నుంచి దీనికోసమే వచ్చారా మియా?" అని చాయ్ తెప్పించారు. కలకత్తాలో పేరు తెచ్చుకున్న హైదరాబాద్ ఆటగాడు హబీబ్ పేరెత్తగానే ఆయన మాట ఆగలేదు.

మహమ్మద్ హబీబ్‌ను కలకత్తాలో బడేమియా అనేవారు. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2-2 డ్రా చేసుకుంటే, అందులో ఒక గోల్ హబీబ్‌ది. తమ్ముడు అక్బర్ 1976 కలకత్తా డెర్బీలో, అంటే మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ పోటీలో, బగాన్ తరఫున ఆట మొదలైన 17 సెకన్లకే ఈస్ట్ బెంగాల్ మీద గోల్ కొట్టాడు. హబీబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే చనిపోయాడు. ఇక్కడి వాళ్ళకు ఆయన వీధిలో ఎదురుపడిన మనిషి, అందుకే తేదీలు తప్పినా కథలు తప్పవు. చీకటి పడ్డాక మండీ (అన్నం, మాంసంతో చేసే అరబ్ వంటకం) తిని రండి. ఒక ప్లేటు ఇద్దరికి ఎక్కువే.

గచ్చిబౌలికి రాయదుర్గం మెట్రోలో దిగి ఆటోలో వెళ్ళాలి. అక్కడ సొంత మ్యాచ్‌లు ఆడిన హైదరాబాద్ ఎఫ్‌సీ క్లబ్ 2019లో పుట్టి, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. మధ్యలో 2022 మార్చి 20న గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్ గెలిచింది. స్టాండ్స్ నిండా కేరళ బ్లాస్టర్స్ పసుపు రంగు, మనవాళ్ళు 1-0 వెనకబడి ఉన్నారు. సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన సాహిల్ తవోరా 88వ నిమిషంలో బంతి నేలకు తగలకముందే కొట్టి సమం చేశాడు. పెనాల్టీ షూటౌట్‌లో మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని అడ్డం పడి ఆపిన కిక్కులతో కప్పు వచ్చింది. ఆ సీజన్ అనగానే 18 గోల్స్ కొట్టిన మన స్ట్రైకర్ ఒగ్బెచే గుర్తొస్తాడు, న్యాయమే. నేను మాత్రం తవోరాకే ఓటేస్తాను.

ఇప్పుడు ఊళ్ళో లైవ్ మ్యాచ్ కావాలంటే శ్రీనిధి డెక్కన్ క్లబ్ వాళ్ళ డెక్కన్ అరీనా స్టేడియం ఉంది, అజీజ్‌నగర్‌లో. ముందు మ్యాచ్ ఉందో లేదో కనుక్కోండి. సొంత బండి లేకపోతే తిరుగు క్యాబ్ ముందే మాట్లాడుకోండి, ఆట అయ్యాక అక్కడ బండి దొరకడం కష్టం.