మిషన్ ఇంపాజిబుల్ ట్యూన్: ఐదు దెబ్బలా, నాలుగు దెబ్బలా?

హైదరాబాద్‌లో కాలేజీ ఫెస్ట్‌కో సంగీత్‌కో ఈ ట్యూన్ వాయించాలనుకునే బ్యాండ్ ముందు రెండు దారులున్నాయి. ఒకటి 1966లో టీవీ సీరియల్ కోసం లాలో షిఫ్రిన్ కట్టినది, ఐదు దెబ్బల ఆవర్తం (తాళం ఒక చుట్టు). రెండోది 1996 సినిమాకి యూ2 బ్యాండ్ సభ్యులు ఆడమ్ క్లేటన్, లారీ ములెన్ చేసిన డాన్స్ వెర్షన్. అది ఎక్కువగా నాలుగు దెబ్బల్లోనే నడుస్తుంది.

పాతదాని ప్రాణం బేస్ నడకలో ఉంది. రెండు పొడవు, రెండు పొట్టి. మోర్స్ కోడ్‌లో ఎమ్, ఐ అక్షరాలు కూడా సరిగ్గా అంతే. మృదంగం తెలిసినవాళ్లకి ‘తకిట తకిట తక తక’ అంటే చాలు, పది అరదెబ్బలు లెక్క సరిపోతాయి. జీ శ్రుతిలో స్వరాలు: స, స, సాధారణ గ, మ; మళ్లీ స, స, కైశికి ని, కాకలి ని.

చెడేది ఎక్కడంటే, కీబోర్డులో నాలుగు దెబ్బల రిథమ్ ఆన్ చేసి దీన్ని వాయించినప్పుడు. రెండో ఆవర్తానికే సమం (ఆవర్తం మొదటి దెబ్బ) జారుతుంది, మళ్లీ కలిసేది 20 దెబ్బల తర్వాతే. రిథమ్ ఆపేసి, 100 టెంపోలో (నిమిషానికి 100 దెబ్బలు) నోటితో చెప్పుకుంటూ మొదలుపెట్టి, తర్వాత వేగం పెంచండి.

కొత్తదానికి ఈ తంటా లేదు. జనం చప్పట్లు తప్పవు, డీజే మరో పాటలోకి హాయిగా కలుపుకోవచ్చు. కానీ ఆ కుంటినడకలోని ఉత్కంఠ మాత్రం పోతుంది. బరాత్‌కైతే కొత్తది, కూర్చుని వినే సభకైతే పాతదే.