సర్గ్‌స్యానా, సర్కిసియనా? తెలుగులో ఏది రాస్తే మేలు?

2018 ఏప్రిల్‌లో అర్మేనియా అధ్యక్ష పదవి నుంచి సెర్జ్ దిగిపోయారు, అర్మెన్ వచ్చారు. ఇంగ్లిష్ వార్తల్లో సెర్జ్ ఇంటిపేరులో ‘జీ’ ఉంటుంది, అర్మెన్ ఇంటిపేరులో ‘కే’, మధ్యలో జంటగా రెండు ‘ఎస్’లు. అవి చూసి రాస్తే తెలుగులో ఒకరు సర్గ్‌స్యాన్, ఇంకొకరు సర్కిసియన్ అవుతారు. అర్మేనియన్ లిపిలో మాత్రం ఇద్దరిదీ అక్షరం తేడా లేకుండా ఒకటే ఇంటిపేరు.

ఈ ఇంటిపేరుకు మూలమైన సర్గిస్ ఒక యోధుడైన సెయింట్. ఆయన పండగ ముందు రాత్రి పెళ్లికాని వాళ్లు బాగా ఉప్పేసిన రొట్టె తిని, నీళ్లు తాగకుండా పడుకుంటారు. కలలో ఎవరు నీళ్లిస్తే వాళ్లే కాబోయే జోడీ! చివరి ‘యాన్’ అంటే ఫలానా వారి సంతతి. సర్గిస్ పేరు పెట్టుకున్న తాతలు ఎందరో కాబట్టి ఈ ఇంటిపేరుకూ కొదవలేదు. 1999 అక్టోబర్ 27న పార్లమెంటులో కాల్పులకు బలైన ప్రధాని వజ్గెన్, ఆయన తర్వాత ప్రధాని అయిన తమ్ముడు అరామ్, చెస్ గ్రాండ్‌మాస్టర్ గాబ్రియెల్, అందరూ ఈ ఇంటిపేరు వాళ్లే.

‘సర్గ్‌స్యాన్’ అర్మేనియన్ రాతకు దగ్గరగా ఉంటుంది. కాకపోతే నోరు తిరగదు. పైగా తమాషా ఏంటంటే, అర్మేనియాలో కూడా ఇక్కడ రాసేది ‘గ’, పలికేది మన ‘ఖ’కు దగ్గరగా. చెవినే నమ్ముకుంటే ‘సర్ఖ్‌స్యాన్’ అనాలి. అలా రాస్తే మనిషెవరో ఎవరికీ తెలీదు.

‘సర్కిసియన్’ పశ్చిమ అర్మేనియన్ పలుకుబడి. అందులో ‘గ’ కాస్తా ‘క’ అవుతుంది, పెట్రోస్ బెద్రోస్ అవుతాడు. ఒట్టొమన్ నేల నుంచి, ముఖ్యంగా 1915 మారణకాండ తర్వాత, చెదిరిపోయిన కుటుంబాలు ఆ పలుకును వెంట తీసుకెళ్లాయి. అమెరికన్ గాయని షేర్ పుట్టింటి పేరు సర్కిసియన్. దాన్ని ‘సరిచేసి’ సర్గ్‌స్యాన్ అనడం నాకు నచ్చదు. రావు అనే పేరును ఇంగ్లిష్‌లో మూడు రకాలుగా రాసుకునే మనకు ఆ పట్టింపు అర్థమవుతుంది.

అందుకే నేనైతే దేశంలోని వాళ్లకు సర్గ్‌స్యాన్, ప్రవాస కుటుంబాలకు సర్కిసియన్ రాస్తాను. ఇక్కడ చిక్కు అర్మెన్‌తోనే. యెరెవాన్‌లో పుట్టి, లండన్‌లో ఏళ్ల తరబడి ఉన్న మనిషి. ఆయన్ని కూడా సర్గ్‌స్యాన్ అనే రాస్తాను. అయితే ఇద్దరు అధ్యక్షులు పక్కపక్కన పడితే పాఠకులు అన్నదమ్ములనుకుంటారు, చుట్టరికం లేదని ఒక ముక్క చేర్చక తప్పదు.