‘షోగన్’ చూసి జపాన్ వెళ్తున్నారా? ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి

1600 నాటి జపాన్ కథ చెప్పే, 2024లో వచ్చిన ‘షోగన్’ టీవీ సిరీస్‌ను ఎక్కువ భాగం కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో తీశారు. కాబట్టి తెర మీద చూసిన రేవు, పల్లె కోసం జపాన్‌లో వెతకడం దండగ. వెతకాల్సింది కథకు మూలమైన మనుషుల జాడ. సిరీస్‌లోని తొరనాగా ప్రభువు వెనుక, తరువాత షోగన్ (సైనిక పాలకుడు) అయిన టొకుగవా ఇయెయాసు, ఆంజిన్ వెనుక విలియం ఆడమ్స్ అనే ఆంగ్ల నావికుడు, మారికో వెనుక ఒక ప్రభువు భార్య హొసొకవా గ్రేసియా ఉన్నారు. మావారూ నేనూ ఆ జాడ పట్టుకుని తిరిగాం.

ముందుగా ఒసాకా కోట. ఆకుపచ్చ కప్పులతో ఠీవిగా కనిపించే ప్రధాన బురుజును 1931లో కాంక్రీటుతో కట్టారు. లోపల లిఫ్టు కూడా ఉంది. ఇయెయాసుకు ముందు జపాన్‌ను ఏలిన హిదెయోషి 1583లో మొదలుపెట్టిన కోట 1615లో కాలిపోయింది. ఇప్పుడున్న గోడలు, కందకాలు ఆ తరువాత టొకుగవాలు కట్టించినవి. 1600లో ఆడమ్స్‌ను ఇయెయాసు ముందు నిలబెట్టిన కోట ఇప్పుడు మట్టి కింద ఉంది. ఆ పాత గోడలో కొంత భాగాన్ని తవ్వి, కిందికి దిగి చూసేలా 2025 ఏప్రిల్‌లో ఒక మ్యూజియం తెరిచారు. బురుజుకూ దీనికీ కలిపి టికెట్ 1200 యెన్లు. నన్నడిగితే ఆ డబ్బు గిట్టుబాటయ్యేది ఇక్కడే. బురుజు దగ్గర చాంతాడంత క్యూ, పైన కనిపించేది మామూలు నగరం. బయట మాత్రం సకురా ద్వారం లోపల ఒక్క బండరాయే సుమారు 108 టన్నులుంటుందని అంచనా. దాని ముందు మావారిని నిలబెట్టి ఫోటో తీస్తే అగ్గిపుల్లలా కనిపించారు. గోడ రాళ్ల మీద, వాటిని పంపిన ప్రభువుల గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. నింపాదిగా నడిస్తేనే కంటపడతాయి.

కోట నుంచి దక్షిణంగా కాస్త దూరం నడిస్తే తమత్సుకురి వస్తుంది. ఇళ్ల మధ్య, సందు మలుపులో ఒక పాత బావి, పక్కనే శిలాఫలకం. గ్రేసియా ఉన్న భవనంలో మిగిలింది ఇంతే. 1600లో ఇయెయాసు ప్రత్యర్థి ఇషిదా మిత్సునారి ఒసాకాలోని ప్రభువుల కుటుంబాలను బందీలుగా పట్టుకోబోయాడు. ఆమె లొంగలేదు. క్రైస్తవురాలు కాబట్టి ఆత్మహత్య చేసుకోకూడదు. దాంతో ఇంటి సేవకుడే ఆమెను చంపి, భవనానికి నిప్పు పెట్టాడు. రాలిపోవాల్సిన వేళ తెలిసినప్పుడే పువ్వు పువ్వు, మనిషి మనిషి అని ఆమె చివరి పద్యం చెబుతుంది. దాన్ని ఆ ఫలకం మీద చెక్కారు. మేము ఉన్నంతసేపూ పర్యాటకులెవరూ రాలేదు. సైకిల్ మీద వెళ్తున్న ఒక పెద్దావిడ మాత్రం ఆగి దండం పెట్టుకుని వెళ్లింది. దగ్గరలోని కెథడ్రల్ ముందు గ్రేసియా విగ్రహం ఉంది. లోపల కిమోనో కట్టిన మేరీమాత చిత్రాన్ని తప్పకుండా చూడండి.

ఒసాకాలో బస గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. స్టేషన్ పక్క హోటల్, శుభ్రమైన గది. రెండు పెట్టెలు తెరిస్తే మాత్రం మనం మంచం ఎక్కి కూర్చోవాలి.

నాకు అన్నిటికన్నా నచ్చింది సెకిగహారా, ఇయెయాసు, మిత్సునారి పక్షాలు తలపడిన మైదానం. సిరీస్ అసలు యుద్ధం చూపించకుండానే ముగుస్తుంది కదా, 1600 అక్టోబరు 21న ఆ యుద్ధం జరిగింది ఇక్కడే. బుల్లెట్ రైలు ఈ మైదానం పక్కనుంచే దూసుకుపోతుంది కానీ ఇక్కడ ఆగదు. మైబారాలో దిగి మామూలు రైలు ఎక్కాలి. బుల్లెట్ రైళ్లలో నొజోమి అనే రకం మైబారాలోనూ ఆగదు, టికెట్ కొనేటప్పుడే చూసుకోండి. 2020లో తెరిచిన మ్యూజియంలో సైన్యాల కదలికలను నేల మీది పెద్ద తెరపై చూపిస్తారు. అది చూసి అయిదో అంతస్తులోని అద్దాల గదికి వెళ్తే, ఆ కొండలే చుట్టూ కనిపిస్తాయి. ఆ తరువాత అద్దె సైకిల్ తీసుకోండి. వరి పొలాల మధ్య జెండాలు, రాతి గుర్తులు. మిత్సునారి మకాం వేసిన ససావో గుట్ట చిన్నదే, సులువుగా ఎక్కవచ్చు. ఎదురుగా మత్సువో కొండ. అక్కడ మిత్సునారి పక్షాన ఉన్న కొబయాకవా హిదెఆకి ఎటూ తేల్చుకోకుండా మధ్యాహ్నం దాకా కూర్చుని, చివరికి తన పక్షం మీదికే దిగాడు. ఇంత చిన్న మైదానంలో ఆ ద్రోహం ప్రతి ఒక్కరికీ కంటికెదురుగా కనిపించి ఉంటుంది. పుస్తకాల్లో చదివినప్పుడు నాకు ఈ సంగతి తట్టలేదు.

శాకాహారులకు ఇక్కడ తిండికి ఇబ్బందే. జపాన్‌లో కూరగాయల పులుసులో కూడా చాలాసార్లు చేపల రసం ఉంటుంది. దుకాణంలో వేడిచేసి ఇచ్చిన తెల్లన్నం, మన గోంగూర పచ్చడి మమ్మల్ని ఆదుకున్నాయి.

ఆడమ్స్ కోసం రెండు చోట్లకు వెళ్లాం. టోక్యోకు దక్షిణాన యొకొసుకాలో ఆంజిన్‌జుకా స్టేషన్‌లో దిగి, నిట్టనిలువు సందులు ఎక్కితే త్సుకయామా పార్కు వస్తుంది. అక్కడ ఆయనకూ ఆయన జపాన్ భార్యకూ పక్కపక్కనే రెండు రాతి స్మారకాలున్నాయి. కిందికి చూస్తే రేవులో యుద్ధనౌకలు. పూటలో అయిపోతుంది. చెర్రీ పూల కాలమైతేనే ప్రత్యేకంగా వెళ్లండి.

రెండో చోటు సముద్రం పక్కనున్న ఇతో. అది అలా కాదు, ఒక రాత్రి ఉండాల్సిన ఊరు. ఇయెయాసు కోరిక మీద ఆడమ్స్ ఇక్కడి నది ఒడ్డున 80 టన్నుల ఓడ ఒకటి, 120 టన్నుల ఓడ ఒకటి కట్టించాడు. రెండోది 1610లో పసిఫిక్ దాటి మెక్సికో చేరింది. సముద్రం పక్కన ఆయన స్మారక పార్కు ఉంది, పావుగంట చాలు. మేము నది పక్కన పాత చెక్క ర్యోకాన్‌లో (జపాన్ సంప్రదాయ విడిదిలో) దిగాం. చాప మీద పరుపు, గదిలోకే భోజనం, వేడినీటి ఊట స్నానం. శాకాహారమని బుక్ చేసేటప్పుడే రాశాం కాబట్టి టోఫు, పుట్టగొడుగులతో నిండైన భోజనం పెట్టారు. స్నానానికి ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేర్వేరు గదులే కానీ, ఒంటి మీద నూలుపోగు ఉండకూడదు. మావారు తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చేశారు. సిగ్గుపడేవాళ్లు కాస్త ఎక్కువ పెట్టి, విడిగా వాడుకునే స్నానాల గది ఉన్న బస చూసుకోండి. అంత డబ్బు ఎందుకనుకుంటే, 1928 నాటి చెక్క విడిది తొకైకాన్‌ను ఇప్పుడు ప్రదర్శనశాలగా ఉంచారు. దాన్ని చూసి సాయంత్రానికి టోక్యో వెళ్లిపోవచ్చు.

దేశమంతా తిరిగే రైలు పాస్ ఈ దారికి అక్కర్లేదు. 2023 అక్టోబరులో ఏడు రోజుల పాస్ 29,650 నుంచి 50,000 యెన్లకు పెరిగింది. విడివిడి టికెట్లే మాకు చవక పడ్డాయి. ఆడమ్స్ ఓడ వచ్చి చేరిన ఉసుకి, ఆయన 1620లో కన్నుమూసిన హిరాదో రెండూ దూరాన క్యుషూ ప్రాంతంలో ఉన్నాయి. నాగసాకి ఎలాగూ వెళ్లేవాళ్లు హిరాదోను కలుపుకోండి. దాని కోసమే టోక్యో నుంచి అంత దూరం వెళ్లమని మాత్రం నేను చెప్పను.