అదే కూరగాయ, కొత్త రుచి: ఆవ పెట్టాలా, నువ్వులపొడి వేయాలా?

రైతుబజారు నుంచి ప్రతివారం అవే అరటికాయలు, బీరకాయలు వస్తుంటే మార్చాల్సింది కూరగాయను కాదు, చివర్లో కలిపే ముద్దనో, పొడినో. విశాఖ వంటింట్లో అందుకు రెండు దారులున్నాయి.

ఆవ పెట్టడం చవక, కానీ ఏమరుపాటును క్షమించదు. అరకిలో అరటికాయకు ఒక టీస్పూను ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, చిటికెడు ఉప్పు చాలు. చన్నీళ్లతో నూరి పది నిమిషాలు ఉంచాలి. ఆవాలు నలిగి నీరు తగిలాకే ఘాటు పుడుతుంది. వేడినీళ్లు పోస్తే పుట్టదు. పొయ్యి మీద మరిగే కూరలో కలిపితే ఘాటు ఎగిరిపోయి చేదు మిగులుతుంది. అందుకే చింతపండు పులుసుతో ఉడికిన కూరను దించి, గోరువెచ్చగా అయ్యాక కలపండి. కంద, పనసపొట్టుకూ ఇదే పద్ధతి. కాస్త అనకాపల్లి బెల్లం వేస్తే ఇంకా బాగుంటుంది.

నువ్వులపొడి నెమ్మదైనది. అరకిలో బీరకాయకు రెండు టేబుల్ స్పూన్లు. సన్నసెగపై చిటపటలాడేదాకా వేయించి, పూర్తిగా చల్లార్చి, మిక్సీని ఆపి ఆపి తిప్పాలి. వేడిగా తిప్పితే నూనె వదిలి ముద్దకడుతుంది. బీరకాయ వదిలే నీటిని ఈ పొడి పీల్చుకుంటుంది కాబట్టి కూర జారదు. సముద్రపు గాలికి చెమ్మ పట్టకుండా గట్టి మూత సీసాలో పెట్టండి, వారానికి మించి చేసుకోవద్దు.

పిల్లల క్యారేజీకి నువ్వులే. ఇంట్లో వేడన్నంలోకైతే మా ఓటు ఆవకే.