టమాటా మొక్క: కుండీలోనా, నేలలోనా?

ఖర్చు: నేలకు పశువుల ఎరువు, ఊతకర్ర ఉంటే చాలు. కుండీకైతే కుండీతో పాటు మట్టి మిశ్రమం కూడా కొనాలి. ఒక్కో మొక్కకు కనీసం 20 లీటర్ల కుండీ కావాలి. చిన్న కుండీ చవకే కానీ, అందులో కాసేది నిరాశే.

నీళ్లు: అసలు తేడా ఇక్కడే. నేలలో వేళ్లు రెండు మూడడుగుల లోతుకు దిగి తేమను వెతుక్కుంటాయి. ఒక రోజు మరిచిపోయినా మొక్క క్షమిస్తుంది. కుండీ క్షమించదు. ఎండాకాలంలో రోజుకు రెండుసార్లు పోయాల్సి రావచ్చు. ఒక రోజు ఎండబెట్టి, మరునాడు ముంచెత్తితే కాల్షియం కాయకు సరిగా అందదు, అడుగు నల్లబడి కుళ్లుతుంది. దాన్ని తెగులనుకుని మందులు కొట్టేవారే ఎక్కువ! పోసిన నీటితో పోషకాలూ కారిపోతాయి కాబట్టి కుండీకి ఎరువు తరచుగా వేయాలి.

తెగుళ్లు: ఇక్కడ కుండీదే పైచేయి. నేలలో వడలు తెగులో, వేళ్లను పట్టే నులిపురుగులో చేరితే ఏళ్ల తరబడి వదలవు. వంగ, మిరప కూడా టమాటా కుటుంబమే కనుక వాటితో పంట మార్పిడి చేసినా ఫలితం ఉండదు. కుండీలో మట్టి మార్చేస్తే సరి.

ఎండ: కుండీని జరపవచ్చు. నేలలో నాటింది నాటినట్టే.

పెరడు ఉండి, ఆరు గంటల ఎండ పడి, మట్టి ఆరోగ్యంగా ఉంటే తీగలా పెరిగే రకాలను నేలలోనే నాటండి. డాబా మాత్రమే ఉన్నా, నేలలో మొక్కలు వడలి చస్తున్నా పొట్టి రకాలతో కుండీకి మారండి. తరచూ ఊళ్లు తిరిగేవారికి మాత్రం కుండీ వద్దంటాను.