మడమ నొప్పికి ఏ సోల్ మేలు? మెత్తటి జెల్ సోలా, వంపు సోలా, కొలతిచ్చి చేయించుకున్నదా?

షాపులో ఇన్‌సోల్, అంటే బూటు లోపల వేసుకునే సోల్, కొనేటప్పుడు దాదాపు అందరూ ఒకే పని చేస్తారు. బొటనవేలితో నొక్కి చూస్తారు. వేలు మెత్తగా లోపలికి దిగితే చాలు, బిల్లు వేయించేస్తారు. నేనూ అలాగే కొన్నాను, ఒకసారి కాదు, రెండుసార్లు. మా విశాఖపట్నంలో జగదాంబ జంక్షన్ దగ్గర కొన్న నీలం రంగు జెల్ సోల్ మొదటి రోజు దూది మీద నడుస్తున్నట్టే ఉంది. మూడో వారానికి, పొద్దున్నే మంచం దిగి కాలు కింద పెడితే మడమలో మేకు దిగినట్టు మళ్లీ అదే పోటు.

బొటనవేలి ఒత్తిడి వేరు, పరుగులో పడే బరువు వేరు. పరిగెత్తేటప్పుడు ప్రతి అడుగులోనూ పాదం మీద పడే బలం మన ఒంటి బరువుకి రెండు మూడు రెట్లు ఉంటుంది. 70 కిలోల మనిషికి అది 140 నుంచి 210 కిలోల బరువుతో సమానం. వేలికి మెత్తగా తగిలిన జెల్ ఆ బరువు కింద అప్పడంలా అణిగిపోతుంది.

నేను బడిలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. సాయంత్రాలు పిల్లలకి కోచింగ్ ఇస్తాను, ఆదివారం తెల్లవారుజామున ఆర్కే బీచ్ నుంచి రుషికొండ వైపు పరిగెత్తే వాళ్లలో నేనూ ఒకణ్ణి. నేవీ మారథాన్ దగ్గర పడే కొద్దీ "మాస్టారూ, మడమ నొప్పండీ, ఏ సోల్ వేసుకోమంటారు?" అని అడిగేవాళ్లు పెరుగుతారు. వాళ్ల చేతిలో ఉండేవి మూడు దారులు. ఒకటి, పూర్తిగా మెత్తగా ఉండే జెల్ సోల్ లేదా సిలికాన్ మడమ కప్పు. రెండోది, పైన నురుగు, కింద గట్టి ప్లాస్టిక్ పలక ఉండి పాదం వంపుని నిలబెట్టే రెడీమేడ్ సోల్. దీన్ని వంపు సోల్ అందాం. మూడోది, మన పాదం అచ్చు తీసుకుని చేసిచ్చే కొలత సోల్. మొదటిది వందల్లో వస్తుంది, రెండోది వందల చివర నుంచి వేలల దాకా, మూడోది వేలల్లోనే మొదలవుతుంది.

నొప్పి ఎక్కడుందో వేలు పెట్టి చూపించమని ముందు నేను అడుగుతాను. "మడమ నొప్పి" అనే ఒక్క మాట వెనక కనీసం మూడు వేరువేరు బాధలుంటాయి.

ఎక్కువమంది చూపించే చోటు మడమ అడుగున, కొంచెం ముందుకి, లోపలి వైపు. పొద్దున మొదటి నాలుగడుగులు నరకం, నడిచే కొద్దీ సర్దుకుంటుంది, కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ మొదలు. డాక్టర్లు దీన్ని ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు, మనవాళ్లు మడమ శూల అంటారు. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలు పొడవునా ఒక గట్టి పట్టీ ఉంటుంది. పాదం వంపు విల్లు అనుకుంటే ఈ పట్టీ దానికి కట్టిన నారి. బరువు పడి విల్లు చదునయ్యే కొద్దీ నారి లాగుతుంది. రోజుకి కొన్ని వేలసార్లు అలా లాగితే మడమ దగ్గర ముడి ఉన్నచోట దెబ్బతింటుంది. ఇప్పుడు దాని కింద చదునైన జెల్ పలక వేస్తే ఏమవుతుంది? నేల తగిలే దెబ్బ కొంచెం తగ్గుతుంది కానీ విల్లు చదునవడం ఆగదు. వంపు సోల్ మాత్రం విల్లు కింద చెయ్యి పెట్టినట్టు కాస్త ఆపుతుంది. అందుకే మడమ శూల ఉన్న పరుగు మనిషికి నా ఓటు రెండో దారికే.

రెండో చోటు సరిగ్గా మడమ నడిబొడ్డు. రాయి తొక్కినట్టు మొద్దు నొప్పి. పొద్దున ప్రత్యేకంగా ఏమీ ఉండదు, గట్టి నేల మీద ఎక్కువసేపు నిలబడితే పెరుగుతుంది. మడమ కింద సహజంగా ఉండే కొవ్వు మెత్త, వయసుతోనో పాత దెబ్బతోనో పలచబడితే ఇలా వస్తుంది. ఇక్కడ వంపు సోల్ కంటే సిలికాన్ కప్పే గెలుస్తుంది. దాని గోడలు కొవ్వు పక్కలకి జారిపోకుండా ఎముక కిందే కూడగట్టి ఉంచుతాయి. చదునుగా ఉన్న జెల్ ముక్క ఆ పని చేయలేదు. కప్పు ఆకారంలోనే ఉంది కీలకం. టైనార్, విస్కో లాంటి కంపెనీల కప్పులు మామూలు మందుల షాపుల్లోనే దొరుకుతాయి.

మూడోది పిల్లల మడమ. ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య, బాగా ఆడే పిల్లల్లో మడమ వెనక ఎముక ఎదిగే చోట నొప్పి వస్తుంది. మడమని రెండు పక్కల నుంచి వేళ్లతో నొక్కితే చటుక్కున కాలు లాక్కుంటారు. మా గ్రౌండ్‌లో ఫుట్‌బాల్ ఆడే పదకొండేళ్ల అబ్బాయికి ఇదే వస్తే, వాళ్ల నాన్నగారు ఎవరో చెప్పారని వేలు పోసి కొలత సోల్ చేయించబోయారు. ఆపాను. ఎముకల డాక్టరుకి చూపించమన్నాను. ఆయన చెప్పింది కూడా కొన్నాళ్లు ఆట తగ్గించడం, పిక్క సాగదీయడం, బూటులో చిన్న మడమ కప్పు, అంతే. పైగా ఎదిగే కాలికి ఆరు నెలల్లో సైజు మారిపోతుంది, చేయించినది ఏం చేసుకుంటారు?

పాదం ముందు భాగంలో, వేళ్ల మొదళ్ల కింద నొప్పి ఉంటే అది ఇంకో కథ. దానికి చిన్న దిండు లాంటి ప్యాడ్ దొరుకుతుంది, కానీ దాన్ని నొప్పి ఉన్న ఎముకల కిందే పెడితే నొప్పి పెరుగుతుంది. వాటికి కొంచెం వెనక, మడమ వైపు పెట్టాలి.

ఇక రెడీమేడా, కొలతిచ్చి చేయించడమా అన్నదాని మీదే అందరికీ ఎక్కువ టెన్షన్. ఖరీదైనది కదా, మనకోసమే చేసింది కదా, అదే గొప్పదై ఉంటుందని మనసు చెబుతుంది. పరీక్షలు అలా చెప్పడం లేదు. 1999లో అమెరికాలో ప్రచురించిన ఒక అధ్యయనంలో మడమ శూల ఉన్న 236 మందిని ఐదు గుంపులు చేశారు. అందరూ కాలు సాగదీసే వ్యాయామం చేశారు, నాలుగు గుంపులకి అదనంగా నాలుగు రకాల సోల్‌లు ఇచ్చారు. ఎనిమిది వారాల తర్వాత మెరుగుపడ్డవాళ్లు సిలికాన్ మడమ ముక్క వాడినవాళ్లలో 95 శాతం, రబ్బరు కప్పు వాళ్లలో 88, ఫెల్ట్ (ఉన్నిని అదిమి చేసిన దళసరి గుడ్డ) ముక్క వాళ్లలో 81, ఉత్త వ్యాయామం చేసినవాళ్లలో 72, కొలతిచ్చి చేయించిన ప్లాస్టిక్ సోల్ వాళ్లలో 68. 2006లో ఆస్ట్రేలియాలో 135 మంది మీద చేసిన పరీక్షలో, మూడు నెలలకి రెడీమేడ్ వంపు సోల్, కొలత సోల్ రెండూ కొంచెం మేలు చేశాయి, ఒకదానికొకటి తేడా లేదు. ఏడాది తిరిగేసరికి ఉత్త పలచటి నురుగు వేసుకున్నవాళ్లు కూడా వాళ్లతో సమానమయ్యారు.

ఈ లెక్కల్లో నా మాటకి ఎదురు నిలిచేది ఒకటుంది, దాచను. మొదటి పరీక్షలో గెలిచింది వంపు సోల్ కాదు, సిలికాన్. అయితే అక్కడ ఇచ్చింది మడమ కిందికి మాత్రమే వచ్చే ముక్క. దాన్ని నడకకి నేనూ సంతోషంగా సిఫార్సు చేస్తాను. ఆటకి వచ్చేసరికి మాత్రం ఆలోచిస్తాను. మడమని కొన్ని మిల్లీమీటర్లు పైకి లేపుతుంది కాబట్టి బూటులోంచి మడమ జారుతుంది. షటిల్, కబడ్డీ, వాలీబాల్ లాంటి పక్కకి గెంతే ఆటల్లో చీలమండ మడతపడే భయం ఉంటుంది. అలాంటి ఆటలకి పలచటి వంపు సోల్, వీలైతే వేళ్ల దాకా రాకుండా ముప్పావు పొడవుది, నయం.

కొలత సోల్ నేను వాడి చూశాను. ఒక చోట కాళ్లు గాజు పలక మీద పెట్టమన్నారు, తెర మీద ఎర్ర మచ్చలు చూపించారు, ఇరవై నిమిషాల్లో నా పాదాలంత దెబ్బతిన్న పాదాలు లేవన్నట్టు మాట్లాడారు. పదిహేను రోజుల తర్వాత వచ్చిన గట్టి ప్లాస్టిక్ నా వంపు మీద బొబ్బ లేపింది. వెనక్కి తీసుకెళ్తే "అలవాటవుతుంది" అన్నారు, ఒక్కసారి కూడా సరిచేయలేదు. ఆ డబ్బు పోయినందుకు కంటే, ఆ రెండు నెలలు పరుగు పోయినందుకు ఇప్పటికీ బాధగా ఉంది.

అంటే కొలత సోల్ పనికిరాదని కాదు. షుగరు వల్ల పాదంలో స్పర్శ తగ్గినవాళ్లకి, పెద్దయ్యాక వంపు కూలిపోతున్నవాళ్లకి, ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లకి, ఎప్పుడో ఎముక విరిగి పాదం ఆకారం మారినవాళ్లకి అదే సరైనది. రెడీమేడ్ సోల్, వ్యాయామం కలిపి మూడు నెలలు ఓపిగ్గా చేసినా మార్పు లేనివాళ్లు కూడా అటు వెళ్లొచ్చు. కానీ షాపు తెర చూసి కాదు. కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రిలో ఎముకల విభాగంలో చూపించుకుని, డాక్టరు రాసిస్తే చేయించుకోవాలి. చేసే వ్యక్తికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉందా, తర్వాత సరిచేయడం అదే ధరలో కలిసి ఉంటుందా అని ముందే అడగండి. రెండో ప్రశ్నకి తడబడితే లేచి వచ్చేయండి.

రెడీమేడ్ కొనడానికి సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. పరుగు బూట్లు చేతిలో పట్టుకెళ్లండి. బూటుతో వచ్చిన సోల్ తీసేసి కొత్తది వేయాలి, దాని మీదే వేస్తే బూటు ఇరుకవుతుంది. వంపు భాగాన్ని బొటనవేలితో కాదు, అరచేతి మడమతో ఒంటి బరువంతా వేసి నొక్కండి. పూర్తిగా నేలకంటితే వద్దు. బూటులో వేసుకుని ఒంటికాలి మీద నిలబడి నాలుగుసార్లు మోకాలు వంచండి. వంపు కింద చెయ్యి పెట్టినట్టు ఉండాలి, గులకరాయి పెట్టినట్టు ఉంటే అది మీ పాదానిది కాదు. మొదటి వారం గంటా రెండు గంటలు నడకకే వాడండి, ఆ తర్వాతే పరుగు.

మన ఊరి సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఇక్కడి ఉక్కకి అరగంట పరుగుకే సోల్ పిండితే చెమట కారుతుంది. ప్రతిసారీ బయటికి తీసి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెట్టినా, కారు డ్యాష్‌బోర్డు మీద వదిలినా ప్లాస్టిక్ వంపు వంకర పోతుంది. నొప్పి ఉన్న రోజుల్లో పొడి ఇసుకలో పరుగు మానేయండి, మడమ లోపలికి దిగి పిక్క, అరికాలు రెండూ విపరీతంగా సాగుతాయి. అలల అంచున తడి ఇసుక గట్టిగా ఉంటుంది కానీ సముద్రం వైపు వాలి ఉంటుంది, ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది. కైలాసగిరి ఎక్కడం కూడా కొన్ని వారాలు వాయిదా వేయండి.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది వేరే ఉంది. సోల్ ఉండేది బూటులో. మనం బూటు వేసుకునేది రోజుకి రెండు గంటలు. ఇంటికొచ్చి గుమ్మం బయట బూటు విప్పేస్తాం, మిగతా టైమంతా మార్బుల్ నేల మీద ఉత్త కాళ్లే. వంటగదిలో గంటల తరబడి గ్రానైట్ మీద నిలబడే ఆడవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఇంట్లో కూడా బూట్లు వేసుకుని తిరిగే దేశాల్లో రాసిన సలహాలు ఇక్కడ సగమే పనిచేస్తాయి. నా మడమ నిజంగా తగ్గడం మొదలైంది ఇంట్లోకి మాత్రమే అని ఒక జత ఎమ్సీఆర్ (మెత్తటి రబ్బరు) చెప్పులు కొని, మంచం పక్కనే పెట్టుకున్న నెలలో. పొద్దున మొదటి అడుగు నేల మీద కాదు, చెప్పు మీద. చేతిలో డబ్బు ఒక్కదానికే ఉందంటే, సోల్ కంటే ముందు ఈ చెప్పులు కొనమంటాను.

ఇంకో పని ఉచితం. మెట్టు అంచున మునికాళ్ల మీద నిలబడి, వేళ్ల కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని, మడమ మూడు సెకన్లు పైకి, రెండు సెకన్లు ఆగి, మూడు సెకన్లు కిందికి. పన్నెండేసి చొప్పున మూడు విడతలు, రోజు విడిచి రోజు. అలవాటయ్యాక భుజాన పుస్తకాల సంచి వేసుకుని బరువు పెంచాలి. 2015లో డెన్మార్క్‌లో 48 మంది మీద చేసిన పరీక్షలో, మూడు నెలలకి ఉత్తగా సాగదీసినవాళ్లకంటే ఇది చేసినవాళ్లు బాగా మెరుగుపడ్డారు.

రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి, వాపు, తిమ్మిరి, ఒకే ఎముక మీద వేలు పెడితే ప్రాణం పోయే చోటు, ఒంటికాలితో గెంతలేకపోవడం, వీటిలో ఏది ఉన్నా సోల్‌ల జోలికి పోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఎక్స్‌రేలో మడమ ఎముక పెరిగిందని చెబితే మాత్రం భయపడకండి. నొప్పే లేని చాలామందికి కూడా అది ఉంటుంది.

పొద్దున మొదటి అడుగు వరసగా నాలుగు వారాలు నొప్పి లేకుండా పడ్డాక, ముందు చిన్న పరుగులకి సోల్ తీసేసి చూశాను. తర్వాత పది కిలోమీటర్లకి. ఆ ఏడాది ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణకి, తొలిపావంచా (కొండ మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి, 32 కిలోమీటర్లూ చెప్పుల్లేకుండానే నడిచాను. మర్నాడు పొద్దున మంచం దిగేటప్పుడు మాత్రం ఎమ్సీఆర్ చెప్పుల్లోనే కాలు పెట్టాను.