చేతులు ఖాళీగా ఉండాలి: చీరలో బయటికి వెళ్ళిన నాలుగేళ్ళ అనుభవంపై సమీక్ష

నా వయసు నలభై మూడు. ఒడిశాలోని బరంపురంలో ఒక దుకాణంలో లెక్కలు రాస్తాను. ఇంట్లో తెలుగు, పనిలో ఒడియా. ఆడవాళ్ళ దుస్తులు వేసుకోవాలన్న ఇష్టం నాకు పదిహేనో ఏట నుంచీ ఉంది గాని, 2021 వరకు అది గడియ వేసిన గదిలోనే ఉండిపోయింది. ఆ ఏడాది నవంబరులో మొదటిసారి చీరలో గడప దాటాను. అప్పటి నుంచి నెలకు ఒకటి రెండుసార్లు బయటికి వెళ్తున్నాను. ఈ నాలుగేళ్ళలో కొన్నవి, కుట్టించుకున్నవి, పారేసినవి చాలా ఉన్నాయి. వాటిలో ఏది నాకు బయట నిలబడే ధైర్యమిచ్చింది, ఏది ఉన్న ధైర్యాన్ని కూడా పోగొట్టింది అన్నదే ఇక్కడ రాస్తున్నాను. నేను మగవాడిగానే బతుకుతున్నాను, చీర కట్టుకోవడం ఇష్టం, అంతే. స్త్రీలుగా జీవించే ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల అనుభవం వేరు, వారి కష్టం వేరు. వారి తరఫున నేను మాట్లాడడం లేదు.

మొదటి ప్రయత్నం పదకొండు నిమిషాల్లో ముగిసింది. బయటికి వెళ్ళేది ఒక్కసారే కదా, గొప్పగా వెళ్దామనుకొని మా ఆవిడ పెళ్ళినాటి బరంపురం పట్టుచీర కట్టుకున్నాను. ఆ నేతకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంచు మీద గుడి గోపురాల వరుస చూడముచ్చటగా ఉంటుంది. కాని కొత్తగా కట్టేవాడికి దానికంటే కష్టమైన చీర ఉండదు. కుచ్చిళ్ళు బరువుకు జారాయి, పైట భుజం మీద నిలవలేదు, విగ్గు వెనక్కి పోయింది. వీధి చివరి వరకు వెళ్ళి తిరిగి వచ్చేశాను. ఆ సాయంత్రం కాస్త దూరంగా నా వెనకే నడిచిన మా ఆవిడ ఇంటికి వచ్చాక ఒక మాట అన్నది: "పది అడుగులకు రెండుసార్లు పైట సర్దుకున్నారండీ. ఆడవాళ్ళమూ సర్దుకుంటాం, కాదనను. మీరు సర్దుకుంటుంటే మాత్రం పైట కింద దొంగసొత్తు ఏదో దాచుకున్నట్టుంది."

జనం నా ముఖం చూసి అనుమానిస్తారని నేను భయపడుతుంటే, వాళ్ళను నా వైపు తిప్పింది నా చేతులని ఆ మాటతో తెలిసింది. అప్పటి నుంచి ఏ వస్తువునైనా ఒకే పరీక్ష పెట్టి చూస్తున్నాను: అది ఒంటి మీద ఉన్నంతసేపు నా చేతిని తన దగ్గరికి పిలుస్తున్నదా, లేదా?

ఆ పరీక్షలో పట్టు, షిఫాన్, జార్జెట్ మూడూ తప్పాయి. షిఫాన్ అయితే పిన్నీసు పెట్టిన చోటల్లా చిరుగుతుంది. నెగ్గింది రెండు మూడుసార్లు ఉతికిన మామూలు నూలుచీర. కొత్త నూలుచీర గంజితో బిర్రుగా నిలబడి నడుము దగ్గర ఉబ్బుతుంది, ఉతికింది ఒంటికి అంటుకొని ఉంటుంది. బొందు లంగాను బొడ్డుకు రెండు వేళ్ళ కిందుగా గట్టిగా బిగించి కట్టడం, కుచ్చిళ్ళన్నిటినీ కలిపి లోపలి వైపు ఒక పెద్ద పిన్నీసు గుచ్చడం, పైటను భుజం మీద జాకెట్టుకు వెనక వైపు నుంచి పిన్ను చేయడం, ఈ మూడూ సరిగ్గా కుదిరితే మూడు గంటల పాటు చీరను మరిచిపోవచ్చు. ముందే కుచ్చిళ్ళు కుట్టి అమ్మే చీర ఒకటి కొన్నాను గాని అది ఆడవారి నడుముకు లెక్కగట్టి కుట్టింది కనుక నా ఒంటి మీద పక్కకు తిరిగిపోయేది; మళ్ళీ కొనను.

జాకెట్టుకే నేను ఎక్కువ ఖర్చు పెట్టాను, ఎక్కువ అబద్ధాలాడిందీ దానికే. మా గంజాం జిల్లాలో ప్రహ్లాద నాటకం ఆడే ఊళ్ళున్నాయి, అందులో ఆడపాత్రలకు మగవాళ్ళు వేషం కట్టడం పాత సంప్రదాయం, కాబట్టి దర్జీతో "నాటకానికి" అన్నాను. ఆయన నమ్మాడు. నాటకానికే కదా అని దీపాల కింద మెరిసే గుడ్డతో, బుట్ట చేతులతో కుట్టి ఇచ్చాడు! మగ భుజానికి బుట్ట చేతులు పెడితే ఆ భుజం ఇంకా వెడల్పుగా కనిపిస్తుంది. రెండోసారి మరొక దర్జీ దగ్గరికి వెళ్ళి నిజమే చెప్పాను. అతను ఒక క్షణం నా ముఖం చూసి, టేపు తీసి, "చంక దగ్గర అర అంగుళం వదులు పెడతాను, లేకపోతే చెయ్యెత్తినప్పుడు జాకెట్టు పైకి వస్తుంది" అన్నాడు. మోచేతి దాకా చేతులు, వెనక మెడ తక్కువ లోతు, చంకలో ఆ అర అంగుళం. నేను కొన్నవాటన్నిటిలో పూర్తి మార్కులు ఆ జాకెట్టుకే.

విగ్గుల విషయంలో రెండుసార్లు మోసపోయాను, మోసం చేసింది నా ఆశే. మొదటి రెండూ విరబోసిన జుట్టువి, సింథటిక్. మా వైపు సముద్రపు గాలిలో ఉప్పు, తేమ రెండూ ఎక్కువ. గోపాల్‌పూర్ ఒడ్డున అరగంట నిలబడితే మెడ వెనక భాగం చిక్కుపడి పీచులా తయారయ్యేది. సింథటిక్ జుట్టుకు వేడి తగిలితే ముడుచుకుపోతుంది కనుక ఇస్త్రీ చేసినట్టు సరిచేసే వీలు కూడా లేదు. అంతకంటే ముఖ్యమైన సంగతి నాకు ఆలస్యంగా తట్టింది: నా వయసు ఆడవారు మా బజారులో జుట్టు విరబోసుకొని తిరగరు. జడో, ముడో వేసుకుంటారు. మూడోది జడ వేసి ఉన్న విగ్గు. జడకు చిక్కు తక్కువ, గాలికి ముఖం మీద పడదు, చెయ్యి జుట్టు దగ్గరికి పోదు. మెడ దగ్గర విగ్గు అంచు కనిపించే చోట ఒక మూర మల్లెలో, కనకాంబరాలో తురిమితే సరిపోతుంది. చన్నీళ్ళలో కొంచెం షాంపూ కలిపి ముంచి, పిండకుండా తువ్వాలులో అద్ది, నీడలో ఆరబెడుతున్నాను; ఏడాదిన్నరగా అదే వాడుతున్నాను.

గడ్డం నీడ గురించి చాలామంది అడుగుతారు. క్షవరం ఎంత నున్నగా చేసినా నల్లని వెంట్రుక చర్మం కింద నీలంగా కనిపిస్తుంది, దాని మీద నేరుగా ఫౌండేషన్ పూస్తే బూడిద రంగు వస్తుంది. నీలానికి ఎదురు రంగు నారింజ కనుక, ముందు నారింజ రంగు కరెక్టర్‌ను పలచగా వేలితో అద్ది, ఆ పైన ఒంటి రంగు ఫౌండేషన్‌ను రుద్దకుండా తట్టి, చివర పౌడరు వేయాలి. క్షవరానికి, దీనికి మధ్య కనీసం అరగంట ఆగకపోతే మంట పుడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మా ఊరి చెమటకు ఇది రెండు గంటలకు మించి నిలవదని ఒప్పుకోవాలి. ఆ నెలల్లో నేను బయటికి వెళ్ళడమే తగ్గించాను.

ఎదకు పెట్టుకునే సిలికాన్ రూపాలు చూడడానికి బాగుంటాయి గాని ఎండలో వాటి కింద చర్మం ఉడికిపోతుంది. డబ్బు మిగులుతుందని ఒకసారి గుడ్డ సంచుల్లో రాగులు పోసి కుట్టుకున్నాను. బరువు బాగానే కుదిరింది, కాని చెమటకు తడిసి సాయంత్రానికి నా దగ్గర పులిసిన అంబలి వాసన వచ్చింది. ఇప్పుడు ఉతుక్కోవడానికి వీలైన స్పాంజి కప్పులే వాడుతున్నాను. చెప్పులకు వస్తే, నా కాలు తొమ్మిదో నంబరు, మా బజారులో ఆడవాళ్ళ చెప్పులు ఆ సైజులో దొరకలేదు. మగవారికీ ఆడవారికీ ఒకే తీరులో ఉండే కొల్హాపురి చెప్పులతో ఆ చిక్కు తీరింది. గాజులు మగచేతికి రెండు పది సైజు కావాలి. రెండు ఎనిమిది బలవంతంగా ఎక్కించుకుంటే తీసేటప్పుడు పగిలి చెయ్యి కోసుకుంటుంది, నా ఎడమ చేతి మీద ఆ గుర్తు ఇప్పటికీ ఉంది.

ఇంతవరకు చెప్పినవి కొనుక్కోగలిగినవి. మా ప్రాంతం నాకు ఉచితంగా ఇచ్చినవి రెండున్నాయి, వాటినీ సమీక్షించాలి.

ఒకటి ఠాకురాణి యాత్ర. రెండేళ్ళకొకసారి చైత్రంలో మా ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణి దేశీబెహరా వీధిలోని పుట్టింటికి వస్తుంది, అప్పుడు మొక్కుకున్నవారు దేవతల వేషాలు, పులి వేషాలు కట్టి వీధుల్లో తిరుగుతారు. 2023లో నేనూ చీర కట్టి ఆ గుంపులో కలిసి రాత్రి దాకా తిరిగాను. ఒక్కరూ వింతగా చూడలేదు. ధైర్యం వచ్చేసిందనుకొని యాత్ర ముగిసిన పది రోజులకు అదే చీరలో బజారుకు వెళ్తే కాళ్ళు వణికాయి. యాత్రలో అందరూ చూసింది వేషం కట్టిన మగవాడిని; ఆ చూపుకు నేను అలవాటు పడ్డాను గాని, చీర కట్టుకొని కూరగాయలు బేరమాడే మనిషిగా నిలబడడానికి ఆ అలవాటు అక్కరకు రాలేదు. జనం మధ్య చీరలో ఎక్కువసేపు నడిచే సాధనకు యాత్ర మంచిదే, అంతకుమించి దాని మీద నమ్మకం పెట్టుకోవద్దని నా సలహా.

రెండోది భాష. గొంతు సన్నగా మార్చాలని ఏడాది పాటు ప్రయత్నించి వదిలేశాను. దొంగ గొంతు నిజమైన మోటు గొంతు కంటే తొందరగా పట్టుబడుతుంది. నెమ్మదిగా, తక్కువ మాటలతో మాట్లాడితే చాలు. కాని ఏ భాషలో మాట్లాడుతున్నామన్నది ముఖ్యం. హిందీలో "వెళ్తున్నాను" అనాలంటే ఆడో మగో తేల్చుకోక తప్పదు, నోటికి అలవాటైన మగరూపం జారిందంటే అంతే సంగతులు. తెలుగులో నా గురించి నేను చెప్పుకునేటప్పుడు ఆ బాధ లేదు గాని పక్కవాడు నన్ను గురించి "వచ్చాడు" అంటాడో, "వచ్చింది" అంటాడో అని చెవులు అక్కడే ఉంటాయి. ఒడియా క్రియకు లింగభేదమే లేదు. అందుకే ఆటో ఎక్కినా, అంగట్లో అడిగినా చీరలో ఉన్నప్పుడు ఒడియాయే మాట్లాడుతున్నాను. "మావుసీ (పిన్నీ), ఎక్కడికి?" అని ఆటో కుర్రవాడు మొదటిసారి పిలిచినప్పుడు నాకు సంతోషం కంటే వయసు మీద దిగులే ఎక్కువ కలిగింది.

అవమానాలు లేవని చెప్పను. ఒక సాయంత్రం సముద్రపు ఒడ్డున నలుగురు కుర్రవాళ్ళు వెంటపడి వీడియో తీశారు. మా ఆవిడ వాళ్ళకు ఎదురు నిలబడి ఫోను తీసి వాళ్ళనే తీయడం మొదలుపెట్టేసరికి వెళ్ళిపోయారు. తోడు లేకుండా, చీకటి పడ్డాక నేను వెళ్ళను. మగవాడు చీర కట్టుకోవడాన్ని నేరమనే చట్టం మనకు లేదు. నిజాం ఏలుబడిలో హిజ్రాలు ఆడదుస్తుల్లో బయట కనిపిస్తే వారెంటు లేకుండా పట్టుకునే చట్టం ఒకటుండేది, దానిని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టేసింది. ఇది తెలిసి ఉంటే పోలీసు ఆపినప్పుడు గొంతు తడబడదు. నన్ను ఒకే ఒక్కసారి ఆపారు, ఆధార్ చూసి, ఇంటికి వెళ్ళమని పంపేశారు.

రైల్లో ఒకసారి ఎదురు సీటులోని పెద్దాయన నన్ను హిజ్రా అనుకొని చేతిలో పది రూపాయలు పెట్టి తలవంచాడు. ఏం చేయాలో తెలియక నేను ఆ నోటు పట్టుకొని కూర్చున్నాను. తరువాతి స్టేషనులో నిజంగానే ఇద్దరు హిజ్రాలు ఎక్కారు. ఆ నోటు వాళ్ళకు ఇచ్చేశాను. వారిలో పెద్దామె నన్ను పైనుంచి కిందికి చూసి, తన పైటకున్న పిన్నీసు తీసి నా భుజం మీద గుచ్చి, "ఎన్నిసార్లు సర్దుకుంటావే, కూర్చో నెమ్మదిగా" అని ముందుకు వెళ్ళిపోయింది. మా ఆవిడ చెప్పిందీ అదే, ఆమె చెప్పిందీ అదే.

పోయిన నెల ఇచ్ఛాపురంలో పల్లెవెలుగు బస్సు ఎక్కాను. ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవారికి ఆ బస్సుల్లో టిక్కెట్టు డబ్బు లేదు. కండక్టరు సున్నా టిక్కెట్టు కొట్టబోతూ "ఆధార్ చూపించమ్మా" అన్నాడు. చూపిస్తే రెండు విధాలా చిక్కే. "మాది ఒడిశా అండీ, బరంపురం. డబ్బు టిక్కెట్టే ఇవ్వండి" అన్నాను. అతను చిల్లర లెక్కపెట్టి నా చేతిలో పోసి, వెనక సీటు వైపు కదిలాడు. చిల్లర కొంగున ముడి వేసుకొని కిటికీ పక్కన కూర్చున్నాను. సోంపేటలో దిగేటప్పుడు గాని గుర్తు రాలేదు, ఆ దారంతా పైట ముట్టుకోలేదని.